నయీంనగర్‌లో అమెరికా రాజ్యాంగం క్లాసు: చేరాలా, వద్దా?

హన్మకొండ నయీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో, ఆదివారం పూట అమెరికా రాజ్యాంగం మీద క్లాసు నడుస్తోంది. చెప్పేది డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన సారు. ఫీజు 1,500, నోట్సు అందులోనే. నేను జనగామ వైపు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్తాను. ఈ బ్యాచ్ మొన్ననే అయిపోయింది. జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టులకు, సెట్ (లెక్చరర్ల రాష్ట్ర అర్హత పరీక్ష)కి చదివేవాళ్ళు చాలామంది ఎట్లుందని అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. తప్పకుండా చేరండి. అయితే ఒక లోపం ఉంది, అది చిన్నదేమీ కాదు. దాని సంగతి కింద చెప్తాను.

మన దగ్గర అమెరికా రాజ్యాంగం అనగానే లక్షణాలు బట్టీ పట్టిస్తారు. లిఖిత రాజ్యాంగం, దృఢ రాజ్యాంగం, అధికారాల విభజన, అధ్యక్ష తరహా పాలన అంటూ పాయింట్లు రాయించి వదిలేస్తారు. పేపర్లో అడిగేదీ అట్లనే ఉంటుంది. ఈ సారు మాత్రం అసలు ఆ రాజ్యాంగం అవసరం ఎందుకొచ్చింది, అంతకుముందు ఆ దేశం ఎందుకు నడవలేకపోయింది అన్న దగ్గర మొదలుపెట్టారు.

మొదటి క్లాసులోనే మమ్మల్ని 13 గుంపులు చేసి, గుంపుకో రాష్ట్రం పేరు రాసిన చీటీ పంచారు. రాజ్యాంగం కంటే ముందు 13 రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. 1781లో అమల్లోకి వచ్చిన దాని ప్రకారం కాంగ్రెసుకు, అంటే అక్కడి కేంద్ర చట్టసభకు, పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను డబ్బు అడగాలి, ఇస్తే తీసుకోవాలి. స్వాతంత్ర్య యుద్ధం కోసం చేసిన అప్పులేమో నెత్తి మీద ఉన్నాయి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుందామని కాంగ్రెసు ప్రతిపాదన పెట్టింది. ఒప్పందంలో ఏది మార్చాలన్నా 13 రాష్ట్రాలూ సరే అనాలి. సారు ఒక్కో గుంపును లేపి "మీరేమంటారు?" అని అడుగుతూ వచ్చారు. అందరూ ఒప్పుకుంటూ పోతున్నారు. రోడ్ ఐలండ్ చీటీ మహబూబాబాద్ నుంచి వచ్చే ఒకమ్మాయికి పడింది. ముందే ఇచ్చిన కాగితం చదువుకుని లేచి, "మా రేవుల మీద వచ్చే సుంకమే మాకు ఆదాయం సార్, అది మీ చేతికి ఎందుకియ్యాలె?" అన్నది. ప్రతిపాదన అక్కడికక్కడే పడిపోయింది. 1782లో నిజంగా జరిగిందీ అదే. అందరిలోకీ చిన్న రాష్ట్రం కాదన్నందుకు దేశం ఖజానా ఖాళీగా ఉండిపోయింది. ఆ ఒప్పందం ఎంత బలహీనమైనదో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. నేను ఈసారి మా సెకండియర్ పిల్లలతో ఇదే చేయించబోతున్నా.

తర్వాత షేస్ తిరుగుబాటు. 1786లో మసాచుసెట్స్ పడమటి ప్రాంతంలో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు, భూములు జప్తు కాకుండా కోర్టులనే మూయించారు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికే పోయారు. కాంగ్రెసు దగ్గర సైన్యమూ లేదు, డబ్బూ లేదు. చివరికి బోస్టన్ వ్యాపారులు పోగేసిన డబ్బుతో రాష్ట్రమే బలగాన్ని పంపి అణిచింది. అప్పు, వడ్డీ, జప్తు అంటే ఏమిటో పత్తి రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ క్లాసు అయ్యాక మెట్ల మీద కూడా దాని గురించే మాట్లాడుకున్నారు.

కొత్త రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సమావేశం గురించి మంచి విషయమే చెప్పారు, కాకపోతే తేదీలు ఎక్కువయ్యాయి. 1787 మే 25 నుంచి సెప్టెంబర్ 17 దాకా జరిగింది. 55 మంది హాజరైతే సంతకం చేసింది 39 మంది. రోడ్ ఐలండ్ అసలు ఎవరినీ పంపలేదు. పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి సీట్లు కావాలన్నాయి, చిన్నవి సమానంగా కావాలన్నాయి. ఒక సభ అట్లా, ఒక సభ ఇట్లా అన్న రాజీ జులై 16న ఒక్క రాష్ట్రం ఓటు తేడాతో గట్టెక్కింది. ఈరోజుకీ 6 లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కు ఇద్దరు సెనేటర్లు, 4 కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే. మన రాజ్యసభలో తెలంగాణకు 7, ఉత్తరప్రదేశ్‌కు 31. ఏది న్యాయం అని సారు అడిగితే క్లాసు రెండుగా చీలింది. ఆయన తీర్పు చెప్పలేదు, మమ్మల్నే వాదించుకోనిచ్చారు. అది నాకు నచ్చింది.

ఇక ఈ ఫీజు మొత్తం పెట్టినా తక్కువే అనిపించిన క్లాసు ఫెడరలిజం, అంటే కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం, మీద చెప్పింది. కేంద్రానికి రాసిచ్చిన అధికారాలు కేంద్రానివి, మిగిలినవి రాష్ట్రాలవి, ప్రజలవి అన్న 10వ సవరణను, కేంద్రం పెట్టిన బ్యాంకు మీద రాష్ట్రం పన్ను వేయకూడదన్న 1819 నాటి మెక్‌కలక్ వర్సెస్ మేరీలాండ్ తీర్పును చకచకా చెప్పేసి, నాలుగో అధికరణం మూడో సెక్షన్‌కు వచ్చారు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రాన్ని తీయాలంటే కాంగ్రెసుతో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. 1820లో మసాచుసెట్స్ ఒప్పుకున్నాకే మెయిన్ రాష్ట్రం అయింది.

వెనక బెంచీలో భూపాలపల్లి నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. సింగరేణిలో చేసి రిటైరైనాయన, సకల జనుల సమ్మెలో పాల్గొన్న మనిషి. ఆయన లేచి, "అంటే ఆ లెక్కన తెలంగాణ అచ్చేదే కాదా సార్?" అన్నారు.

"ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఒప్పుకుంటే తప్ప వచ్చేది కాదు అన్నా" అన్నారు సారు. 2014 జనవరి 30న ఆ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. మన మూడో అధికరణం ప్రకారం రాష్ట్రం అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. అందుకే ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి, జూన్ 2న మన రాష్ట్రం వచ్చింది. క్లాసులో చప్పట్లు. సారు చప్పట్లు అయిపోనిచ్చి, అదే మూడో అధికరణంతో 2019లో జమ్మూ కశ్మీర్ రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారని గుర్తు చేశారు. అప్పుడు అక్కడ అసెంబ్లీయే లేదు. మనకు రాష్ట్రం తెచ్చిన అధికారమే ఇంకొకరి రాష్ట్రాన్ని తీసేయగలదు, ఇప్పుడేమంటారు అని అడిగారు. సింగరేణి పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "రాష్ట్రం ఇచ్చుడు తేలికగ ఉండాలె, గుంజుకునుడు కష్టంగ ఉండాలె" అన్నారు. నా లెక్కలో ఆ బ్యాచ్‌లో వచ్చిన జవాబులన్నింట్లో గట్టిది అదే.

అమెరికాలో కూడా ఈ నియమం ఒకసారి వంగింది. అంతర్యుద్ధంలో వర్జీనియా దేశం నుంచి విడిపోతానంటే, యూనియన్ (దేశం కలిసే ఉండాలన్న కేంద్రం) వైపు నిలిచిన అక్కడి వాళ్ళు వీలింగ్‌లో ఇంకో ప్రభుత్వం పెట్టి, వర్జీనియా తరఫున తామే ఒప్పుకుని 1863లో వెస్ట్ వర్జీనియాను తెచ్చుకున్నారు. ఆ యుద్ధం ముగిశాక, 1869లో, యూనియనూ చెరగనిది రాష్ట్రాలూ చెరగనివి అని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఈ ఒక్క వాక్యాన్ని మనం పరీక్షల్లో ఎన్నిసార్లు రాసుంటామో! దాని వెనక ఇంత కథ ఉందని ఏ గైడూ చెప్పదు.

ఇప్పుడు లోపం. బానిసత్వం గురించి కొద్ది నిమిషాల్లో ముగించారు. సీట్ల లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా లెక్కేయడం, 1808 దాకా బానిసల దిగుమతిని కాంగ్రెసు ఆపకూడదనడం, పారిపోయినవాళ్ళను పట్టి అప్పగించాలనడం, ఇవన్నీ ఆ రాజీల్లో భాగమే. వాటిని లెక్కల చాప్టర్ చెప్పినట్టు చెప్పి వదిలేశారు. బానిసత్వాన్ని రద్దు చేసి, నల్లజాతివాళ్ళకు పౌరసత్వం, ఓటు ఇచ్చిన 13, 14, 15 సవరణలు చివరి క్లాసు చివర్లో వచ్చాయి. రాష్ట్రాల హక్కులు అన్న మాట ఎంత గొప్పగా వినిపించినా, బానిసత్వాన్ని, ఆ తర్వాత వందేళ్ళు నల్లజాతివాళ్ళకు ఓటు లేకుండా చేయడాన్ని కాపాడింది కూడా ఆ మాటే. 1965లో ఓటు హక్కు చట్టంతో కేంద్రం దిగితే గానీ దక్షిణాది రాష్ట్రాలు కదల్లేదు. క్లాసులో సగం మంది ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు. ఊరి పెత్తనం అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. స్థానిక అధికారం ఎవరి చేతిలో ఉంటే ఎవరికి మేలు అన్న చర్చ వాళ్ళతోనే జరగాల్సింది. సారుతో ఈ మాటే అన్నాను. "నిజమేనమ్మా, వచ్చే బ్యాచ్‌కు ఒక ఆదివారం పెంచుతా" అన్నారు. పెంచితే ఫీజు 200 పెరిగినా నష్టం లేదు.

నోట్సులో, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 10వది, 51వది పూర్తిగా ఇచ్చారు. ఇంగ్లిష్ కష్టం, 18వ శతాబ్దపు వాక్యాలు అరపేజీ దాకా సాగుతాయి. కానీ పక్కన మార్జిన్‌లో సారు తన చేతిరాతతో ఒక్కో పేరాకు తెలుగులో రెండు ముక్కల్లో సారం రాశారు. అధికారంలో ఉన్నవాడి ఆశను ఇంకో అధికారి ఆశతోనే అడ్డుకోవాలి అని 51వ వ్యాసం పక్కన ఉన్న ముక్కను నేను స్టాఫ్‌రూములో చదివి వినిపించాను. జిరాక్స్ మాత్రం మసకగా ఉంది, కొన్ని పేజీల్లో ఆ మార్జిన్ సగం తెగిపోయింది.

ఉదయం 10కి మొదలై ఒంటిగంటకు వదులుతారు. ముందు బెంచీలు త్వరగా నిండుతాయి, వెనక కూర్చుంటే రోడ్డు మీది హారన్లకు మాట సరిగా వినపడదు. ఆదివారం కింద షాపు మూసి ఉంటుంది కాబట్టి నోట్సు శనివారమే తెచ్చుకోండి. మార్జిన్ తెగని కాపీ ఇమ్మని గట్టిగా అడగండి, వాళ్ళ దగ్గర ఒరిజినల్ ఉంది.