ఏఐ బొమ్మ చూసి ఇంటీరియర్‌కు బయానా ఇవ్వకండి: నల్గొండ, పాలమూరు దిక్కు ఇల్లు కట్టుకునేవాళ్లకు జాగ్రత్త

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల... ఎక్కడ చూసినా ఇప్పుడు ఒకటే పద్ధతి నడుస్తోంది. ఇంటీరియర్ చేస్తామని వచ్చినవాళ్లు ఖాళీ హాలును ఫోన్‌తో ఫొటో తీస్తారు. చాయ్ తాగేలోపు అదే హాలు స్టార్ హోటల్ లాబీలా మెరుస్తూ వాట్సాప్‌లో దిగుతుంది. "ఇదే మీ త్రీడీ డిజైన్ సార్, నచ్చితే సగం బయానా ఇయ్యండి, రేపే ప్లైవుడ్ దింపిస్తం" అంటారు. ఇంటిల్లిపాదికీ నచ్చుతుంది, పైసలు పోతాయి. తర్వాత వచ్చే అల్మారాకు, బొమ్మలోని అల్మారాకు కలిసేది రంగు ఒక్కటే. కొన్నిసార్లు అదీ కలవదు. నిలదీస్తే అందరి నోటా ఒకటే జవాబు: "అది రెఫరెన్స్ కోసం పంపినం సార్."

కాబట్టి పైసలు తీసే ముందే తేల్చుకోవాల్సింది ఇది: వాళ్లు చూపించింది అచ్చం అట్లాగే చేసిచ్చే డిజైనా, ఊరికే ఊహ కోసం చూపే రెఫరెన్సా?

స్కెచప్, త్రీడీఎస్ మాక్స్ లాంటి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో చేసే అసలు త్రీడీకి ముందు గది కొలతలు ఎక్కించాలి. గోడ 10 అడుగులంటే అందులోనూ 10 అడుగులే. దూలం ఎక్కడుందో, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అన్నీ అందులో ఉంటాయి. అందుకే దానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ఏఐతో చేసే బొమ్మకు కొలతతో పని లేదు. అది మీ ఫొటో మీదనే కొత్తగా రంగులు పూస్తుంది. అందానికి అడ్డమొచ్చిన దూలాన్ని తుడిచేస్తుంది, కిటికీని రెండడుగులు పక్కకు జరుపుతుంది, స్విచ్‌బోర్డును మాయం చేస్తుంది. పైగా ఫొటోను ఫోన్‌లో 0.5 లెన్స్‌తో తీస్తే గది ముందే సాగిపోయి ఉంటుంది. సాగిన గదిలో సోఫా వేస్తే ఎట్లా పట్టదు?

మన దిక్కు మామూలుగా ఉండే 10×12 బెడ్రూం తీసుకోండి. 10 అడుగుల గోడకు అల్మారా, ఎదురు గోడకు తల పెట్టి 6×6½ మంచం, మంచానికి రెండు పక్కలా చిన్న టేబుళ్లు, కాళ్ల దగ్గర ఒక బెంచీ. ఏఐ బొమ్మలో ఇవన్నీ పట్టి, తివాచీ పరచడానికి కూడా జాగా మిగులుతుంది. ఇప్పుడు టేపు పట్టండి. అల్మారా లోతు 2 అడుగులు. మంచం పొడవు హెడ్‌బోర్డుతో కలిపి 6 అడుగుల 10 అంగుళాలు. పన్నెండులోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది 3 అడుగుల 2 అంగుళాలు. అల్మారా రెక్క 18 అంగుళాల వెడల్పుదైతే, అది తెరిచాక మీరు నిలబడడానికి ఉండేది 20 అంగుళాలు. బెంచీ ఎక్కడ వేస్తారు? ఇక అడ్డంగా చూస్తే మంచం 6 అడుగులు, టేబుళ్లు అడుగున్నర చొప్పున 3, మొత్తం 9. మిగిలేది ఒక్క అడుగు. మంచం తల వైపు మూలలో, పక్క గోడకు 3 అడుగుల దర్వాజ ఉంటే తలుపు తెరిచిన ప్రతిసారీ టేబుల్‌కు కొట్టుకుంటుంది. బొమ్మలో ఆ ఇబ్బంది కనిపించదు, ఎందుకంటే ఏఐ దర్వాజను గోడగా మార్చేసి ఉంటుంది. "స్లైడింగ్ పెట్టుకుందాం సార్" అంటే రెక్క బాధ తీరుతుంది గానీ, పట్టాలకే దాదాపు 3 అంగుళాలు పోతాయి. లోపల చొక్కాలు హ్యాంగర్‌కు సరిగ్గా వేలాడాలంటే అల్మారా లోతు 26 అంగుళాల దాకా పెంచాలి. ఆ రెండు అంగుళాలు మళ్లీ నడిచే జాగాలోంచే పోవాలి.

ఎత్తు దగ్గర ఇంకో మోసం. బొమ్మలో అల్మారా రెక్కలు నేల నుంచి స్లాబు దాకా అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉంటాయి. ప్లైవుడ్ షీటు వచ్చేదే 8×4. 10 అడుగుల రెక్క ఎక్కడి నుంచి తెస్తారు? నిజానికి చేసేది 7 అడుగుల అల్మారా, దాని మీద 2, 2½ అడుగుల లాఫ్ట్ (అటక), మధ్యలో అడ్డగీత. ఇది తప్పేమీ కాదు, మంచి పనే, కాకపోతే బొమ్మలో ఉన్నది అది కాదు. షీటు నిండా 8 అడుగుల రెక్క చేస్తామంటే వంగకుండా లోపల స్ట్రెయిట్‌నర్ (రెక్కను నిటారుగా పట్టే లోహపు కడ్డీ) వేస్తున్నారా అని అడగండి. 7 అడుగుల రెక్కకు కబ్జాలు (హింజెస్) నాలుగుకు తగ్గకూడదు. మూడుతో సరిపెడితే కొన్ని నెలల్లో రెక్క జారి నేలకు రాసుకుంటుంది. పైన దూలం స్లాబు కన్నా 9 అంగుళాలో, అడుగో కిందికి దిగి ఉంటే అక్కడ లాఫ్ట్ సగమైపోతుంది. పరుపులు, రగ్గులు పెట్టుకుందాం అనుకున్న చోట అట్టపెట్టె కూడా పట్టదు.

ఫాల్స్ సీలింగ్ సంగతి. ఏఐ బొమ్మల్లో ఫ్యాను ఉండదు, గమనించండి. మేలో 44 డిగ్రీలు తాకే ఊళ్లలో ఫ్యాను లేని హాలు బొమ్మలోనే బాగుంటుంది. ఫ్యాను బరువును జిప్సం బోర్డు మొయ్యదు, కొక్కెం స్లాబుకే ఉండాలి. సీలింగ్ 6 అంగుళాలు దించితే రాడ్ కూడా అంత పొడవు పెరగాలి. దూలాన్ని దాచాలని అడుగు దించారంటే 10 అడుగుల గది 9 అవుతుంది. ఏసీ పెట్టాలనుకుంటే రాగి పైపు, నీళ్ల పైపు వాలు, బయటి యూనిట్ జాగా, ఇవన్నీ సీలింగ్ కట్టకముందే తేలాలి. స్ట్రిప్ లైట్ల డ్రైవర్ (వాటికి కరెంటు అందించే చిన్న పెట్టె) పైన పెట్టి మూసేస్తారు, అది కాలిపోతే సీలింగ్ కొయ్యాల్సిందే. తెరిచే మూత ఒకటి వదలమనండి.

అన్నిటికన్నా ప్రమాదమైన బొమ్మలు వంటింటివి. 14.2 కిలోల సిలిండర్ ఎత్తు రెండడుగులు దాటుతుంది, అడ్డం అడుగు దాటుతుంది. ఏ బొమ్మలోనైనా సిలిండర్ చూశారా? గట్టు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా సొరుగులే. ఆ బొమ్మ చూసి చేయించాక సిలిండర్ ఎక్కడ పెట్టాలో తెలియక కార్పెంటర్ ఒక డబ్బాలో దూర్చి తలుపు బిగిస్తాడు. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది. కాబట్టి ఆ డబ్బాకు అడుగు భాగంలో గాలి ఆడే జాలీ తప్పకుండా ఉండాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. స్టవ్ మీద చెక్క షెల్ఫు, దానిమీద గాజు సీసాలు గీయడం ఏఐకి మహా ఇష్టం. చిమ్నీ అయితే బర్నర్‌కు 26 నుంచి 30 అంగుళాల ఎత్తున ఉండాలి, కంపెనీ పుస్తకంలో రాసిన ఎత్తునే పట్టించండి. చెక్క షెల్ఫు మాత్రం మంట మీద అసలే వద్దు. సింకు కింద పైపు వంపు, నీళ్ల ఫిల్టరు, చెత్తడబ్బా కూడా బొమ్మకెక్కవు, కాబట్టి అక్కడ సొరుగు గీశారంటే కొట్టేయండి. వాస్తు చూసుకునేవాళ్లు ఇంకోటి కూడా గమనించాలి. ఒక్కోసారి ఏఐ గదినే కుడిఎడమలు తిప్పేస్తుంది. తూర్పుకు ముఖం పెట్టి వండాల్సిన గట్టు పడమరకు పోతుంది. (పూజగది గీయమంటే దేవుళ్లకు వేళ్లు ఎక్కువ పెడుతుంది, అది వేరే కథ.)

బాత్రూంలో నల్లటి మ్యాట్ కుళాయిలు, గోడ నిండా గాజు పార్టిషన్. నల్గొండ పేరు ఫ్లోరైడ్‌కు మోగింది గానీ కుళాయిల మీద తెల్ల పొరలు కట్టేది కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. మీ బోరు నీళ్లకు గీజర్ రాడ్ మీద సుద్ద కడుతోందా? అయితే నలుపు కుళాయి, గాజు రెండూ వద్దు. మామూలు క్రోమ్ కుళాయి మీదైతే ఆ పొర తుడిస్తే పోతుంది. బాత్రూం గోడకు అవతలి వైపు, బెడ్రూంలో, గీతల ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే బోర్డు) ప్యానెల్ వేస్తామన్నా ఒప్పుకోకండి. చెమ్మ తగిలితే ఎండీఎఫ్ అటుకుల్లా ఉబ్బుతుంది. చెమ్మ వచ్చే గోడకు ముందు వాటర్‌ఫ్రూఫింగ్ చేయించి, ఆ తర్వాతే ప్యానెల్ మాట ఎత్తాలి.

ఇక బొమ్మ ఏఐదా, అసలు త్రీడీనా ఎట్లా పట్టుకోవాలి? "ఇదే గదిని ఎదురు మూల నుంచి చూపించండి" అనండి. అసలు మోడల్ ఉన్నవాళ్లు అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో తిప్పి చూపిస్తారు. ఏఐ బొమ్మ పంపినవాళ్లు రేపు అంటారు, రేపు వచ్చిన బొమ్మలో అల్మారా రెక్కలు ఐదు బదులు ఆరు ఉంటాయి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి రెక్కలు, పిడులు, టైల్స్ గీతలు లెక్కపెట్టండి. ఒకే రెక్కకు రెండు పక్కలా పిడి ఉందా? కిటికీ లేని వైపు నుంచి ఎండ పడుతోందా? గూగుల్ ఏఐ జెమినీలో చేసిన బొమ్మైతే మామూలుగా కుడివైపు కింది మూలలో నాలుగు కొనల చిన్న మెరుపు గుర్తు ఉంటుంది, కాకపోతే కత్తిరించి పంపితే అదీ దొరకదు. "మేం చేసిన ఇళ్లు" అని ఇన్‌స్టాలో పెట్టే ఫొటోలకూ ఇదే అనుమానం వర్తిస్తుంది. ఫొటో కాదు, ఇంటి యజమానితో మాట్లాడించమనండి, పోయి చూసి రండి. రెండేళ్లు వాడిన వంటిల్లు చూస్తే సింకు కింద చెక్క ఎట్లా ఉందో తెలిసిపోతుంది.

రంగు విషయంలో కూడా తెరను నమ్మొద్దు. ఏఐ ప్రతి గదికీ బంగారు రంగు వెలుతురు పోస్తుంది, మన ఇళ్లలో వెలిగేది తెల్ల ట్యూబు. లామినేట్ (ప్లైవుడ్ మీద అంటించే రంగు షీటు) కోడ్ నెంబరు రాయించుకుని, చేతి పుస్తకమంత ముక్క తెచ్చి, ఆ గదిలోనే పగటి వెలుతురులో ఒకసారి, లైటు కింద ఒకసారి చూడండి.

కొటేషన్ బొమ్మ మీద కాకుండా కొలతల డ్రాయింగ్ మీద రాయించుకోవాలి. పై నుంచి చూసే ప్లాను, ప్రతి గోడకు ఎదురుగా చూసే ఎలివేషన్, లోపలి అరల గీత, అన్నిటి మీదా ఎంఎంలలో కొలతలు. ఈ కొలతలు టైల్స్, పుట్టీ అయ్యాకే తీయాలి. గోడ అర అంగుళం వాలి ఉండడం మామూలే, ఆ సందుకు ఫిల్లర్ పట్టీ డ్రాయింగ్‌లో చూపాలి.

మన దిక్కు అల్మారాలకు ముందు భాగం చదరపు అడుగుల లెక్కన కడతారు. 7×7 అంటే 49. రేటు తక్కువ చెప్పి లాఫ్ట్ వేరే, సొరుగులు వేరే, కబ్జాలు వేరే, ప్రొఫైల్ పిడులు వేరే అని చివర్లో కలుపుతారు. ఏది కలిసిందో, ఏది వేరో, జీఎస్టీ లోపలో బయటో ముందే కాగితం మీద రావాలి. సరుకు లెక్క మీరే వేసుకోవచ్చు: ఆ 49 అడుగుల అల్మారాకు నిలువు చెక్కలు నాలుగు, పైనా కిందా రెండు, అరలు ఎనిమిది, రెక్కలు కలిపితే 165 చదరపు అడుగుల పైనే. షీటు 32 చదరపు అడుగులు. తరుగుతో కలిపి 18 ఎంఎం షీట్లు సుమారు ఆరు, వెనక్కి 6 ఎంఎంవి రెండు. సొరుగులుంటే ఇంకొంచెం. ఇంటికి నాలుగే దిగాయంటే ఎక్కడో 12 ఎంఎం వాడుతున్నారు, లేదా పార్టికల్ బోర్డు వస్తోంది.

వంటింటికి, సింకు దగ్గరికి ఐఎస్ 710 (నీళ్లను తట్టుకునే మెరైన్ రకం) ప్లైవుడ్ రాయించండి. షీటు మీద ఉత్త "710" ముద్ర చూసి మురిసిపోకండి. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నెంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో చూపిస్తుంది. నెంబరు లేకుంటే షీటు వెనక్కే. పొడి గదుల అల్మారాలకు ఐఎస్ 303 (మామూలు వాడకపు రకం) చాలు, అక్కడ కూడా 710 అని ఎక్కువ రేటు వేస్తే ఎందుకని అడగండి.

సగం బయానా ఒకేసారి ఇవ్వకండి. డ్రాయింగ్ మీద సంతకానికి 10 శాతం, సరుకు ఇంట్లో దిగి మీరు షీట్లు లెక్కపెట్టాక 40, డబ్బాలు నిలబడ్డాక 30, రెక్కలు బిగించాక 15, నెల వాడి చూశాక చివరి 5. ఈ పద్ధతికి ఒప్పుకోనివాళ్ల దగ్గర డ్రాయింగ్ కూడా ఉండదు, గమనించండి. ఒప్పంద కాగితం మీద "పంపిన బొమ్మలు డిజైన్‌లో భాగం, మార్పుంటే ముందే రాతలో చెప్తాం" అని రాయమనండి. "రెఫరెన్స్ మాత్రమే" అని వాళ్లు రాస్తే ఆ బొమ్మను పక్కన పడేసి మిగతా కాగితాలనే చూడండి.

ఏఐని అసలే వాడొద్దని కాదు. రంగులు ఎంచుకోవడానికి, "గోడకు ఆకుపచ్చ బాగుంటదా, బూడిద రంగు బాగుంటదా" అని ఇంట్లో తగువు తీర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. ఫొటో 1ఎక్స్ లెన్స్‌తో, ఛాతీ ఎత్తు నుంచి, గది మూలలో నిలబడి తీయండి. కిటికీ, దర్వాజ, దూలం, ఫ్యాను మార్చొద్దని చెప్పండి. అయినా మారుస్తుంది, కాబట్టి వచ్చినదాన్ని పాత ఫొటోతో పోల్చండి. జాగా తెలుసుకోవాలంటే మాత్రం ఉచితంగా దొరికే స్వీట్ హోమ్ త్రీడీలో గోడల కొలతలు వేసుకోండి. అంతకన్నా సులువు, సుద్దముక్కతో నేల మీద అసలు సైజులో మంచం, అల్మారా, తలుపు తిరిగే గీత గీసి, ఇంట్లో అందరూ దానిచుట్టూ నడిచి చూడటం.

ఇప్పటికే బయానా ఇచ్చి ఇరుక్కున్నవాళ్లు వాట్సాప్ చాట్ చెరపకండి. బొమ్మలు వచ్చిన తేదీలు, "ఇదే మీ డిజైన్" అన్న మెసేజ్, యూపీఐ రసీదులు, ఇప్పుడున్న పని ఫొటోలు టేపు కనిపించేలా తీసి ఒక చోట పెట్టండి. ముందు రాతపూర్వకంగా 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. నగదు ఇచ్చి రసీదు తీసుకోనివాళ్లు ఈరోజే ఆ మొత్తం, తేదీ రాసి "ఇంత అందింది కదా" అని వాళ్లకు వాట్సాప్ చేయండి. అవునని జవాబొస్తే అదే మీ రసీదు.