వచ్చినాడా, వచ్చాడా: ప్రాజెక్టు రిపోర్టుకు ఏ తెలుగు మేలు?

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. వేసవి సెలవులు అయిపోయాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టులు దిగుతాయి, అంటే పిల్లలు ఊర్లల్లో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకొచ్చినవి. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లే ఎక్కువ. తెలుగులో రాసే ఆ కొద్దిమంది మాత్రం ముందుగా నా దగ్గరికి వచ్చి ఒకటే అడుగుతారు: "సార్, పుస్తకంలో ఉన్నట్టు రాయాల్నా, మామూలుగా రాయాల్నా?"

మొన్న కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి రెండు కాయితాలు తెచ్చింది. ఒకటి ఏ రోజు పని ఆ రోజు రాసుకునే లాగ్ బుక్కులో పేజీ, రెండోది రిపోర్టులో అదే విషయం ఉన్న పేజీ. వాళ్ల ఊర్లో వేరుశనగ ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె ప్రాజెక్టు. లాగ్ బుక్కులో ఇలా ఉంది:

"ఈ పొద్దు పదకొండిండ్లకు పోయినాము. ఏడిండ్లల్లో శెనక్కాయ ఇడ్సిపెట్టినారు. ఒక తాత చెప్పినాడు, రెండేండ్లు ఇత్తనం ఖర్చు గూడా రాలేదమ్మా, ఈ ఏడు భూమి పదునే కాలేదు, ఏం ఇత్తేది అని."

రిపోర్టులో ఇలా ఉంది:

"సదరు గ్రామమునందు వేరుశనగ సాగు విస్తీర్ణము గణనీయముగా తగ్గినట్లు గమనించబడినది. ఇందుకు అనేక కారణములు కలవు."

రెండూ ఒకే చేత్తో రాసినవంటే నమ్మబుద్ధి కాదు. మొదటిదాంట్లో పదకొండు ఇళ్లున్నాయి, ఏడు ఇళ్లున్నాయి, రెండేళ్ల నష్టం ఉంది, పదును ఉంది. రెండోదాంట్లో ఏదీ లేదు. 'గణనీయముగా' అన్న మాట కింద ఏడిళ్లూ పోయాయి. 'అనేక కారణములు' అన్నచోట తాత పోయినాడు. గమనించబడినది సరే, గమనించింది ఎవరమ్మా అంటే, "నేనే సార్" అంది మెల్లగా.

పిల్లలు హుందా అనుకునేది ఇదే. క్రియ చివర 'బడినది' తగిలించడం, పేరు పక్కన 'యొక్క' పెట్టడం, రెండు మాటల మధ్య 'మరియు' దూర్చడం. ఇవన్నీ ఎక్కువగా ఇంగ్లిష్ రిపోర్టుల వాసన. తెలుగులో 'సర్వే చేశాం' అంటే సరిపోతుంది. చేసినవాళ్లను చెప్పాల్సిన పని లేకపోతే 'ముప్పై ఇళ్లలో అడిగితే తేలింది ఇది' అని కర్త లేకుండానే వాక్యం నడుస్తుంది. మరియు లేకున్నా 'రైతులూ కూలీలూ' అని చక్కగా కలుస్తాయి. మన ఇళ్లల్లో ఏ అవ్వా 'అన్నము మరియు పప్పు తినబడినవి' అనదు కదా.

అట్లని లాగ్ బుక్కునే రిపోర్టుగా కుట్టేస్తే మేలా? కాదు. అదీ చూశాను. ఇంకో పిల్లవాడు తాగునీళ్ల మీద రాసినాడు. భాష భలే ఉంది, చదువుతుంటే వాడు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. "మా ఊర్లో నీళ్ల సమస్య ఘోరం. లీడర్లు ఓట్లప్పుడే కనపడతారు. అందరూ ఇసిగిపోయినారు."

"అందరూ అంటే ఎంతమందిరా?"

"ఒక ఇరవై మంది ఉంటారు సార్."

"మాట్లాడింది ఎంతమందితో?"

కాసేపు లెక్కేసుకున్నాడు. "నలుగురితో. అందులో ఒకరు మా మామే సార్."

నోటి మాటకు ఉండే చెడ్డ అలవాటు ఇది. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు తల ఊపుతాడు కాబట్టి 'అందరూ', 'ఎప్పుడూ', 'ఘోరం' చెల్లిపోతాయి. కాయితం మీద తల ఊపేవాడు ఉండడు. వాడి యాస మీద నాకు ఏ పేచీ లేదు. నలుగురిని అందరూ అన్నాడే, అక్కడే ఎర్ర పెన్ను తీశాను. అమ్మాయి పెద్ద మాటల కింద లెక్క దాచింది, అబ్బాయి అసలు లెక్కే పెట్టలేదు. ఇద్దరిలో నాకు అమ్మాయే నయం. ఆమె లెక్క ఎక్కడికీ పోలేదు, లాగ్ బుక్కులో భద్రంగా ఉంది.

ఈ గొడవ ఈనాటిది కాదు. 1910ల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్దలు తగువులాడుకున్నది విద్యార్థులు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదాని మీదే. గ్రాంథికమే ఉండాలని జయంతి రామయ్య పంతులు పట్టుబట్టారు. వాడుక భాష వైపు నిలిచిన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. గిడుగు రామమూర్తి మిగిలిన జీవితమంతా వాడుక భాషకే పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మా కాలేజీలో దండలూ ఉపన్యాసాలూ ఉంటాయి. ఆ ఉపన్యాసాలు మళ్లీ 'కావున, ఇందుమూలముగా' ధోరణిలోనే సాగుతాయనుకోండి, అది వేరే కథ.

చివరికి వాడుక భాషే గెలిచింది. కానీ ఎవరి వాడుక? పేపర్లలో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. అక్కడి పిల్లలు 'వచ్చాడు' అంటారు, 'వచ్చాడు' అనే రాస్తారు. మా పిల్లలు 'వచ్చినాడు' అంటారు, 'వచ్చాడు' అని రాయాలి. అంటే మావాళ్లకు ఆ వాడుక భాష కూడా సగం పుస్తక భాషే. నోట్లోంచి ఒకసారి మార్చుకుని, అది హుందాగా లేదేమోనన్న భయంతో ఇంకోసారి మార్చి, చివరికి 'గమనించబడినది' దగ్గర తేలతారు. తమాషా ఏమంటే, ఆ పాత గ్రాంథికంలో 'వచ్చినాడు' దర్జాగా చెల్లే రూపం. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని తొలి తెలుగు శాసనం అంటాం. ఆరో శతాబ్దం నాటిది. అప్పటికే తెలుగు రాసిన సీమ పిల్లలు ఇప్పుడు నోరు తెరవడానికి టెన్షన్ పడతారు.

నా సంగతీ చెప్తా. చదువుకునే రోజుల్లో మా ఊరి పక్క వంక గురించి వ్యాసం రాసి ఇస్తే, మా గైడు 'వంక' అన్నచోటల్లా కొట్టేసి 'వాగు' అని దిద్దినారు. చివరికి ఊరివాళ్లు పిలిచే వంక పేరు కూడా వాగు అయింది. ఆ పేరుతో వెతికితే మా మండలంలో ఎవరూ దారి చెప్పలేరు.

అట్లని ఊరి మాటలన్నీ ఉంచేయమంటే అదీ కుదరదు. ఒక్క వేరుశనగనే చూడండి. అనంతపురంలో శెనక్కాయ అంటాం, కర్నూలు పోతే బుడ్డలు అంటారు, హైదరాబాద్‌లో పల్లీలు. రిపోర్టు చదివేది ఏ జిల్లావాళ్లో తెలియదు. అక్కడ 'వేరుశనగ' అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, అర్థంలో పోయేదీ లేదు. 'పదును' అట్లా కాదు. దాన్ని 'నేలలో తేమ' అని మారిస్తే సగమే వస్తుంది. తేమ అంటే ఎంతో కొంత తడి. పదును అంటే విత్తనం వేయడానికి సరిగ్గా సరిపోయే తడి. చిన్న జల్లుకు తేమ వస్తుంది, పదును కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో బతికే జిల్లాలో ఈ తేడా మీదే పంట ఆధారపడి ఉంటుంది. అందుకే వేరుశనగ మారినా పరవాలేదు, పదును మారకూడదు.

లాగ్ బుక్కుకు నోటి మాటే మేలు, అందులో అనుమానం లేదు. పొలం గట్టు మీద నిలబడి రాసేటప్పుడు వ్యాకరణం గుర్తు చేసుకుంటూ కూర్చుంటే తాత చెప్పింది జారిపోతుంది. రిపోర్టుకు సాదా వాడుక తెలుగు మేలు. 'వచ్చాడు, చేశాం' అని రాసుకోవచ్చు, రైతు అన్న మాట కొటేషన్‌లో రైతు అన్నట్టే ఉంచాలి. ముందు పేజీల్లో ధ్రువపత్రం, కృతజ్ఞతలు ఎట్లా రాసినా ఎవరూ చదవరు, అక్కడ 'గావించితిమి' అని పెట్టుకున్నా నాకేం బాధ లేదు. పరీక్ష పేపరు దిద్దేవాళ్లు ఎవరో ఏమో, అక్కడ యాసతో ప్రయోగాలు చేయొద్దని మాత్రం చెప్తాను.

అమ్మాయి మళ్లీ రాసుకొచ్చింది: "పదకొండు ఇళ్లకు వెళ్లాం. ఏడు ఇళ్లలో ఈ ఏడు వేరుశనగ వేయలేదు. ఎందుకని అడిగితే ఐదు ఇళ్లవాళ్లు పదును కాలేదన్నారు, రెండు ఇళ్లవాళ్లు కూలి ఖర్చు పెరిగిందన్నారు." కింద తాత మాట, తాత అన్నట్టే.

వైవాకు వచ్చినాయన కోస్తా వైపువారు. పేజీ తిప్పుతూ ఆగి, "పదును అంటే ఏంటమ్మా?" అని అడిగారు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. తర్వాత కుడిచెయ్యి ముందుకు చాపి పిడికిలి బిగించింది. "మట్టిని ఇట్లా పట్టుకుంటే ఉండ కట్టాల సార్. కింద పడేస్తే పగిలిపోవాల, చేతికి అంటకూడదు. అదీ పదును." ఆయన పెన్ను తీసుకుని ఆ మాట పక్కన మార్జిన్‌లో ఏదో రాసుకున్నారు.