సొంత మాల్టా, కొన్న మాల్టా: కిల్హోమన్‌లో ఏది మేలు?

స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న ఐలా దీవిలో, 2005లో, రాక్‌సైడ్ అనే వ్యవసాయ క్షేత్రపు పాత కొట్టాలను మార్చి కిల్హోమన్ అనే విస్కీ డిస్టిలరీ పెట్టారు. 1881 తర్వాత ఆ దీవిలో కొత్తగా కట్టిన మొదటి డిస్టిలరీ ఇదే. ఇక్కడ రెండు రకాల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాడతారు. ఒకటి, పక్క చేలలో పండిన బార్లీని అక్కడే నేల మీద మొలకెత్తించి చేసుకునేది; పొగ సుమారు 20 పీపీఎం (పొగ నుంచి గింజకంటిన ఫీనాళ్లు, పది లక్షల్లో ఎన్ని వంతులో చెప్పే కొలత). రెండోది, అదే దీవిలోని పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ అనే మాల్ట్ కార్ఖానా నుంచి కొంటూ వచ్చినది. పొగ సుమారు 50 పీపీఎం. ఒకే డిస్టిలరీలో రెండిటితోనూ విడివిడిగా విస్కీ చేస్తారు కాబట్టి తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ బాగా పట్టుకోవచ్చు.

ముందు సొంత మాల్ట్ సంగతి. రాగిమాల్ట్ కోసం రాగులు నానబెట్టి మూటగట్టే ఇళ్లలో ఈ పని కొత్తగా అనిపించదు. గింజలో తేమ 12 శాతం నుంచి 45 దాకా ఎక్కాలి. అందుకే నానబెట్టడం, నీళ్లు వంచేసి గాలి తగలనివ్వడం మార్చి మార్చి చేస్తారు. ఏకబిగిన నీళ్లలోనే ఉంచితే గింజకు ఊపిరాడక మొలక చస్తుంది. తర్వాత నేల మీద పరిచి, కొన్ని గంటలకోసారి పారతోనూ పళ్ల దంతెతోనూ తిరగేస్తారు. ఒక్క రాత్రి ఏమరినా వేళ్లు చాపలా అల్లుకుపోతాయి, అడుగున వేడి పుడుతుంది, మొలక పరుగెడుతుంది. మొలక పరుగెత్తిందంటే సారాగా మారాల్సిన పిండిపదార్థాన్ని అదే తినేసినట్టు. గింజ లోపలి మొలక, గింజ పొడవులో ముప్పావు వంతుకు రాగానే ఆపేయాలి. అప్పటికి గింజను వేళ్ల మధ్య నలిపితే సుద్దలా తెల్లగా రాలుతుంది. జిగటగా ఉంటే ఇంకా కాలేదు, లోపల గట్టిగా తగిలితే నానడం సరిపోలేదు.

ఆ తర్వాత పీట్ (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కలతో ఏర్పడే ఇంధనపు మట్టి) మంట. పొగ తడి గింజకే అంటుకుంటుంది. పైతేమ ఆరాక ఎంత పీట్ కాల్చినా పెద్దగా లాభం ఉండదు. కాబట్టి మొదట తక్కువ వేడి, ఎక్కువ పొగ. చివర వేడిగాలితో తేమను 5 శాతం దగ్గరకు దించుతారు. తొందరపడి మొదట్లోనే వేడి పెంచితే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు దెబ్బతింటాయి.

పోర్ట్ ఎలెన్‌లో ఇదే పని పెద్ద పెద్ద తిరిగే డ్రమ్ముల్లో జరుగుతుంది. 1973లో కట్టారు. వేడి, గాలి, తేమ అన్నీ యంత్రాల అదుపులో ఉంటాయి. అడిగిన పీపీఎం, అడిగిన తేమ, విడత విడతకూ ఒకేలా వస్తాయి. మాల్ట్ పిండి పట్టే మిల్లును మళ్లీ మళ్లీ సర్దే బాధ తక్కువ, టన్నుకు వచ్చే సారా ఎంతో ముందే లెక్క కట్టుకోవచ్చు.

సొంత బార్లీకి ఆ భరోసా లేదు. కోతలనాటికి ఐలాలో వానలు, గింజ తడిగా ఇంటికొస్తుంది. వెంటనే ఆరబెట్టకపోతే బూజు. పెద్దబాతులు, జింకలు చేలలో పడి తినేస్తాయి. నత్రజని ఎక్కువైన గింజలో మాంసకృత్తులు పెరిగి పిండి తగ్గుతుంది, సారా దిగుబడి పడిపోతుంది. ఉన్న ఒక్క కిల్న్ (మాల్ట్‌ను ఆరబెట్టే కొలిమి) చెడితే ఏమవుతుందో కూడా చూశారు: 2006 మొదట్లో అక్కడ మంటలు లేచాయి. పూర్తిగా సొంత మాల్ట్ మీదే ఆధారపడిన చిన్న డిస్టిలరీకి అలాంటి దెబ్బ అంటే స్టిల్స్ (సారా బట్టీలు) చల్లారిపోవడమే.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొన్న మాల్టే మేలు. మనుషులు కుదిరి, కోత, నిల్వ చేతికొచ్చాక మాల్ట్ మొలకెత్తించే సొంత నేల వేసుకోవచ్చు. కిల్హోమన్‌లోనూ సొంత మాల్ట్‌ది చిన్న వాటానే. కానీ గ్లాసులో మా ఓటు సొంత మాల్ట్‌కే. 50 పీపీఎం పొగ ముందుకొచ్చి నిలబడుతుంది, దాని వెనక గింజ రుచి వెతుక్కోవాలి. 20 దగ్గర పొగ పక్కకు జరిగి, బార్లీ తీపి, నిమ్మతొక్క వాసన, పచ్చిగడ్డి తేటగా తెలుస్తాయి. ఘాటైన పొగ కోసమే ఐలా విస్కీ తాగేవాళ్లకు ఇది చప్పగా తోచవచ్చు, వాళ్లకు కొన్న మాల్టే సరి.

పోల్చి చూడాలంటే కొన్న మాల్ట్‌తో చేసిన మాఖిర్ బే, సొంత మాల్ట్‌తో చేసిన 100% ఐలా అనే రెండు విస్కీలను పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదాంట్లో ఆల్కహాల్ 46 శాతం, రెండోదాంట్లో 50. రెండోదాని 30 మి.లీ.లో అర టీస్పూను, అంటే 2.5 మి.లీ. నీళ్లు కలిపితే అదీ 46 దగ్గరకు దిగుతుంది. 100% ఐలా పీపాల కలయిక విడుదలను బట్టి మారుతుంది, లేబుల్ చూసి షెర్రీ (ఒక రకం వైన్) పీపాలు ఎక్కువ పడనిదే ఎంచుకోండి. లేకపోతే మీరు పోల్చేది మాల్ట్‌ను కాదు, పీపాను.