మెంఫిస్ దాటి న్యూపోర్ట్ దాకా: సన్నీ బర్జెస్ ఊళ్లో ఒక రోజు

అమెరికాలో మెంఫిస్ వెళ్లినవాళ్లు పాటల రికార్డింగులకు పేరుమోసిన సన్ స్టూడియో చూడకుండా రారు. మేమూ చూశాం. ముప్పావు గంట టూర్, గైడ్ అమ్మాయి ప్రాణం పెట్టి చెప్పింది. ఎల్విస్ ప్రెస్లీ రికార్డింగ్ చేసిన గది మన ఇళ్లల్లో హాలంతే ఉంటుంది. టికెట్ డబ్బులు దండగ కాలేదు. ఐదేళ్లలోపు పిల్లల్ని మాత్రం లోపలికి రానివ్వరు.

నాకు అసలు కావాల్సింది అదే గదిలో 1956లో ‘రెడ్ హెడెడ్ ఉమన్’, ‘వుయ్ వానా బూగీ’ పాటలు రికార్డు చేసి, మళ్లీ సొంత ఊరికి వెళ్లిపోయిన రాక్ అండ్ రోల్ గాయకుడు సన్నీ బర్జెస్. ఆయనది పక్క రాష్ట్రం ఆర్కన్సాలోని న్యూపోర్ట్. కారులో దాదాపు రెండు గంటలు.

దారంతా వరి చేలే! మాది గోదావరి జిల్లా, కారు ఆపకుండా ఉండలేకపోయాను. గట్లు మనలా తిన్నగా ఉండవు, నేల వాలును బట్టి పాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి. సన్నీ పుట్టి పెరిగింది ఇలాంటి పొలాల మధ్యే.

న్యూపోర్ట్‌లో 67వ నంబరు హైవే వెంట క్లబ్బుల్లో మోగిన రాక్ అండ్ రోల్ సంగీతానికి ఒక చిన్న మ్యూజియం ఉంది. 2009లో ఆ రోడ్డుకు రాష్ట్రమే ‘రాక్ అండ్ రోల్ హైవే’ అని పేరు పెట్టింది. చిన్న ఊరు కాబట్టి తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి వెళ్లండి. ఆ రోజుల్లో స్టేజి ఎక్కితే సన్నీ జుట్టుకు ఎర్ర రంగు, ఒంటి మీద ఎర్ర సూటు. ఆయన బ్యాండు పేసర్స్ వాళ్లు స్టేజి మీదే ఒకరిపై ఒకరు ఎక్కి పిరమిడ్ కట్టేవాళ్లట. ఈ ఊరి సిల్వర్ మూన్ క్లబ్బులో ఎల్విస్ కూడా పాడాడు.

దేశమంతా మోగిన హిట్ సన్నీకి ఒక్కటీ రాలేదు. తర్వాత ఊరూరూ తిరిగే సేల్స్‌మన్ ఉద్యోగం చేశాడు. 1980లలో పాత సహచరులతో సన్ రిథమ్ సెక్షన్ అనే బ్యాండులో చేరి మళ్లీ గిటార్ పట్టాడు. దగ్గర్లోని జోన్స్‌బొరో అనే ఊళ్లో యూనివర్సిటీ రేడియోలో పాటల కార్యక్రమం కూడా నడిపాడు. 2017లో, 88 ఏళ్ల వయసులో పోయాడు. ఎల్విస్ గురించి చెప్పడానికి వందమంది ఉన్నారు, ఈయన గురించి మనమైనా చెప్పుకోవాలి.

మేం దిగిన మోటెల్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఏసీ రాత్రంతా లారీలా మోగింది, వేడినీళ్లు రాలేదు, రిసెప్షన్‌లో అడిగితే పలికేవాళ్లు లేరు. భోజనానికి శాకాహారులు వేయించిన బెండకాయ, బీన్స్, కార్న్ బ్రెడ్‌తో సరిపెట్టుకోవాలి. ఆ బెండకాయ మాత్రం నిజంగా బాగుంది.

సాయంత్రం జాక్సన్‌పోర్ట్ స్టేట్ పార్కుకు వెళ్లాం, ఊరికి దగ్గరే. 1872 నాటి ఎర్ర ఇటుకల కోర్టు భవనం, పక్కనే వైట్ రివర్. పిల్లలు చీకటి పడేదాకా కదల్లేదు. టెంటు ఉన్నవాళ్లకు అక్కడే మకాం మేలు.

ఈసారి సెప్టెంబరులో, న్యూపోర్ట్‌లో జరిగే డిపో డేస్ సంగీత ఉత్సవానికి వెళ్లాలని ఉంది. రూము మాత్రం జోన్స్‌బొరోలో తీసుకుంటాను.