పిల్లి రాదని నమ్మించి అమ్మే కుందేళ్ల పంజరాలతో జాగ్రత్త

గురువారం తెల్లవారుజామున మా పెరట్లో మా తెల్ల కుందేలు దూదిని పిల్లి చంపింది. నిన్న సాయంత్రం, పంజరం అమ్మిన దుకాణానికి వెళ్లి వచ్చాను. అక్కడ ఆ యజమాని మా అమ్మాయి ఎదుట అన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఈలోగా ఇంకొకరు అదే పంజరం కొని ఇంటికి తీసుకుపోతారన్న భయంతో ఈ రాత్రే రాస్తున్నాను.

విజయవాడలో కుందేళ్లను పెంచుకుంటున్నవారికి ఆ దుకాణం ఏదో నేను పేరు పెట్టి చెప్పనక్కరలేదు. పంజరం కావాలంటే ఎవరైనా మొదట చెప్పేది ఆ చోటే, నాకూ అలాగే చెప్పారు. మావి రెండు కుందేళ్లు, తెల్లది దూది, నల్లది నల్లపూస. ఏడాదిన్నరగా ఇంట్లోనే తిరుగుతూ పెరిగాయి. ఈ అద్దె ఇంటికి మారాక వేసవిలో గదులు కొలిమిలా కాగిపోతున్నాయి. వేడి 30 డిగ్రీలు దాటితే కుందేళ్లు తట్టుకోలేవని పశువైద్యులు ముందే చెప్పారు కనుక, పెరట్లో జామచెట్టు నీడన ఉంచుదామని నిర్ణయించాము. అయితే మా వీధిలో ఒక గండుపిల్లి ఉంది. పక్కింటివారు దానికి రోజూ చేపల తలకాయలు పెడతారు. చీకటి పడితే అది మా ప్రహరీ గోడ మీదే కూర్చుంటుంది. ఈ సంగతులన్నీ, ఆఖరికి గోడ ఎత్తుతో సహా, దుకాణంలో వివరంగా చెప్పిన తరువాతే పంజరం అడిగాను.

ఆ యజమాని పంజరం పైకప్పు మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, "మేడమ్, పిల్లి కాదు కదా, కుక్క వచ్చి మీద పడినా చెక్కు చెదరదు, పూచీ నాది" అన్నాడు. ఇంటికి వచ్చాక కూడా నా అనుమానం తీరక వాట్సాప్‌లో మళ్లీ అడిగితే, "నూటికి నూరు శాతం పిల్లి రాదు మేడమ్" అని రాసి పంపాడు. ఆ మాట నమ్మి 5,200 రూపాయలు పెట్టి కొన్నాను. కొన్న పంజరాన్ని ఒక్కసారైనా వేళ్లతో లాగి చూడలేదు. వంకాయలు కొనేటప్పుడు తిప్పి తిప్పి చూసే నేను, రెండు ప్రాణాలను దాచవలసిన పెట్టెను పైపై రంగు చూసి తెచ్చుకున్నాను. ఆ తప్పు నాదే, అందులో ఎవరినీ అనేది లేదు.

ఇంకొక తప్పు కూడా నాదే. ఆ రాత్రి రెండు గంటల ప్రాంతంలో పెరట్లోంచి ధబ్ ధబ్‌మని చప్పుడు వినిపించింది. ప్రమాదం పసిగట్టినప్పుడు కుందేలు వెనుక కాలిని నేలకేసి అలా కొడుతుంది, అది తోటివాటికి చేసే హెచ్చరిక. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పంజరం గట్టిదే కదా, పిల్లి ఎప్పటిలాగే గోడ మీద కూర్చొని ఉంటుంది, కాసేపట్లో అదే పోతుంది అనుకొని పక్కకు తిరిగి పడుకున్నాను. మళ్లీ నాలుగు గంటలకు మెలకువ వచ్చింది కుందేలు అరుపుకే. కుందేలు మామూలుగా నోరు విప్పని జంతువు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే అలా అరుస్తుంది, ఆ అరుపు చంటిపిల్ల ఏడుపులా ఉంటుంది. తలుపు తీసి పరుగెత్తేసరికి పిల్లి గోడ ఎక్కేసింది, దూది అప్పటికే కదలడం లేదు.

తెల్లవారాక పంజరాన్ని దగ్గరగా పరిశీలించాను. కింది తలుపుకు వేసినది ఆరు మూలల కన్నాలుండే కోళ్ల జాలీ. దానిని సన్నని తీగలను ఒకదానితో ఒకటి మెలిపెట్టి అల్లుతారు. అది కోడిపిల్లలు బయటికి పోకుండా ఆపడానికే తప్ప, బయటి నుంచి గోళ్లతో లాగే జంతువును ఆపడానికి పనికివచ్చేది కాదు. దానిని చట్రానికి బిగించడానికి మేకులు గాని స్క్రూలు గాని వాడలేదు. కాగితాల కట్టలకు కొట్టే పిన్నుల వంటివి నాలుగు వేళ్లకు ఒకటి చొప్పున కొట్టి, పైన ఆకుపచ్చ రంగు పూశారు. ఒక పిన్నును పట్టుకొని లాగితే నా చేతికే ఊడి వచ్చింది. దాని కాళ్లు చెక్కలోకి దిగినది నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. పిల్లి కుడివైపు మూల నుంచి ఏడు పిన్నులు పెరికి, జాలీని చాపలా పైకి చుట్టింది. ఆ చుట్టిన తీగల కొసలకు దూది బొచ్చు చిక్కుకొని గాలికి కదులుతూ ఉంటే మా అమ్మాయి నాకంటే ముందు చూసింది.

పిల్లి మీద నాకు కోపం లేదు. అది దాని పుట్టుకను బట్టి చేసింది.

నల్లపూస మూల ఉన్న గడ్డిలో ముడుచుకొని, కళ్లు విప్పి, కదలకుండా కూర్చుంది. ఒంటి మీద రక్తం లేదు. దెబ్బ తగల్లేదేమోనన్న ఆశతోనే ఆరు గంటలకు ఆ దుకాణదారుకు ఫోన్ చేశాను, అప్పటికి ఇంకా అతడిని నమ్ముతూనే ఉన్నాను. అతడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, మందుల షాపులో చిన్నపిల్లలకు ఇచ్చే అమాక్సిసిలిన్ సిరప్ కొని రెండు పూటలా పోయమన్నాడు. సిరప్ కొన్నాను కూడా. పోద్దామనుకుంటూనే ఎందుకో మనసొప్పక, దానిని సంచిలో వేసుకొని పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడి డాక్టరుగారు ఆ సీసా చూసి ముందుగా అడిగిన ప్రశ్న "పోశారా?" అనే. పోయలేదని చెప్పాక కూర్చోమన్నారు. అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులను నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో అరుగుదలకు తోడ్పడే మంచి సూక్ష్మజీవులు నశించి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం వంటివి పెరిగిపోతాయని, దానితోనే కుందేలు చనిపోవచ్చునని వివరించారు. మనుషుల పిల్లలకు నిత్యం వేసే మందు కుందేలుకు ప్రాణాంతకం కావచ్చునన్న ముక్క, కుందేళ్లు అమ్మి బతికే మనిషికి తెలియకపోవడం ఏమిటి? తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు కదా.

ఆయన నల్లపూస బొచ్చును చేత్తో పాయలు పాయలుగా విడదీసి వెతికి, నడుము పక్కన కత్తిరించి చూపించారు. గుండుసూది పోటంత గాట్లు రెండు, పక్కపక్కనే ఉన్నాయి. పిల్లి కోరలు సన్నగా, సూదిగా ఉంటాయి కనుక పైన గాయం వెంటనే మూసుకుపోతుందట, లోపల మాత్రం పిల్లి నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా చేరి చీము పట్టిస్తుందట. రక్తం కనిపించలేదని ఇంట్లో ఉంచుకొని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే వణుకు పుడుతోంది. ఆయన ఎన్రోఫ్లాక్సాసిన్ అనే వేరే యాంటీబయాటిక్ రాసిచ్చారు, నొప్పికి వేరే మందు ఇచ్చారు. వెన్నెముకను కూడా తడిమి చూశారు. కుందేలు ఎముకలు శరీరం బరువుకు చాలా తేలిక, వెనుక కాళ్ల కండరాలు మాత్రం బలమైనవి. భయంతో ఒక్కసారిగా ఎగిరి తన్నుకుంటే తన నడుమును తానే విరుచుకోగలదు. పిల్లి లోపలికి రాలేకపోయినా, జాలీ మీదికెక్కి కూర్చున్నా చాలు, ఆ భయానికే గుండె ఆగిపోవడమో, మేత మాని పేగులు కదలక చనిపోవడమో జరగవచ్చునని ఆయన చెప్పినప్పుడు, రెండు గంటలకు వినిపించిన ఆ ధబ్ ధబ్ చప్పుడే నాకు గుర్తుకు వచ్చింది.

ఇక నిన్నటి సంగతి. పంజరాన్ని ఆటోలో వేసుకొని, మా అమ్మాయిని వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లాను. పాపను తీసుకుపోకుండా ఉండవలసింది. గొడవ పడాలని వెళ్లలేదు, డబ్బు తిరిగి ఇవ్వమని కూడా మొదట అడగలేదు. ఊడిన జాలీని చూపించి, ఇలాంటివి ఇంకెవరికీ అమ్మవద్దని చెప్పడానికే వెళ్లాను. అతడు కుర్చీలోంచి లేవకుండానే, "పిల్లి తిరిగే చోట బయట పెట్టడం మీ తప్పు మేడమ్. నేను పంజరం అమ్మాను గాని కాపలా అమ్మలేదు" అన్నాడు. పూచీ నాదన్నావు కదా అని వాట్సాప్‌లో అతడు రాసిన మాట చూపిస్తే, అది చిన్న పిల్లుల సంగతి, గండుపిల్లి అని మీరు చెప్పలేదు అన్నాడు. గోడ మీద కూర్చునే గండుపిల్లి గురించి అదే కౌంటరు ముందు నిలబడి చెప్పానని ఎంత మొత్తుకున్నా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు అదే మాట మీద ఉన్నాడు.

నన్ను కుంగదీసినది ఆ తరువాత జరిగింది. పనిచేసే కుర్రవాడు వెనుక గదిలోంచి ఇంకొకరి కోసం ఒక పంజరాన్ని మోసుకొచ్చాడు. చూడడానికి అచ్చం మాదే, అదే ఆకుపచ్చ రంగు. కానీ దానికున్నది వెల్డింగు చేసిన చతురస్రపు జాలీ, అరంగుళం కన్నాలు, దళసరి తీగ, చుట్టూ చెక్క పట్టీ వేసి స్క్రూలతో బిగించి ఉంది. ఇదేమిటని అడిగితే, "అది 6,700 మేడమ్, పిల్లుల బెడద ఉన్నవాళ్లు అది తీసుకుంటారు, మీరు అడగలేదు కదా" అన్నాడు. అంటే ఏ జాలీ పిల్లిని ఆపుతుందో, ఏది ఆపదో ఆ మనిషికి బాగా తెలుసు. తెలిసే, పిల్లి ఉందని నోరారా చెప్పిన నాకు, ఆపలేనిదాన్ని పూచీ పడి మరీ అంటగట్టాడు. 1,500 రూపాయలు ఎక్కువవుతాయని ఒక్క మాట చెప్పి ఉంటే అప్పటికప్పుడే ఇచ్చేదాన్ని, దూది ఈరోజు ఉండేది.

మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. అది చూసి అతడు ప్లాస్టిక్ బుట్టలోంచి ఒక తెల్ల కుందేలు పిల్లను చెవులు పట్టుకొని పైకెత్తి, "మూడు వందల కుందేలుకు ఇంత రాద్ధాంతం దేనికమ్మా, ఇదిగో, ఇదీ తెల్లదే, ఊరికే పట్టుకుపో పాపా" అన్నాడు. ఆ పిల్ల గాలిలో కాళ్లు కొట్టుకుంటోంది. చెవులు పట్టుకొని ఎత్తకూడదని, వెనుక భాగం కింద చెయ్యి ఆనించాలని మా తొమ్మిదేళ్ల పాపకు తెలుసు. అది ఏడుపు ఆపి, "అలా పట్టుకోకండి అంకుల్, దానికి నొప్పి పుడుతుంది" అంది. అతడు నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే నాకు మాట పడిపోయింది. చెప్పదలచుకున్నవి ఎన్నో మనసులో ఉండి కూడా ఒక్కటీ అనలేక, పాప చెయ్యి పట్టుకొని బయటికి వచ్చేశాను.

దారిలో పాప అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. దూదిని కూడా మొదట అలాగే పట్టుకొని మనకు ఇచ్చాడా అని అడిగింది.

ఇతడిని వదిలిపెట్టదలచుకోలేదు. అతడు ఇచ్చినది తెల్లకాగితం చీటీయే, సరైన బిల్లు అడగకపోవడం కూడా నా పొరపాటే. కానీ వాట్సాప్ సందేశం ఉంది, డబ్బు పంపిన వివరం ఉంది, పంజరం ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల రూపాయల లోపు వస్తువు విషయంలో అక్కడ ఫీజు కూడా ఉండదు. అమ్మేవాడు సొంతంగా ఇచ్చిన హామీకి అమ్మేవాడే బాధ్యుడని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. 2018లో వచ్చిన నియమాల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం నాకు అక్కడి గోడల మీద ఎక్కడా కనిపించలేదు, అదీ ఫిర్యాదులో రాశాను.

కొనబోయేవారికి నేను చెప్పగలిగినది కొద్దిగానే ఉంది. జాలీ వెల్డింగు చేసినదై ఉండాలి, కన్నం అరంగుళానికి మించకూడదు, ఎందుకంటే అంగుళం కన్నంలో పిల్లి పంజా సులువుగా దూరుతుంది. తీగ 16 గేజీ గాని, అంతకంటే దళసరిది గాని అడగండి, గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని మరిచిపోవద్దు. కొక్కెం గడియను పిల్లి ఎత్తగలదు, బోల్టు పెట్టించండి. కుందేలు పూర్తిగా దాక్కునే చెక్కపెట్టె లోపల ఒకటి ఉంచండి. అడుగున మాత్రం జాలీ వదలకుండా పలక వేసి గడ్డి పరవండి, లేకపోతే పాదాలు పుండ్లు పడతాయి. ఇవన్నీ ఉన్నా సరే, రాత్రిపూట ఇంట్లోకి తెచ్చుకోండి. ఉక్కపోతగా ఉంటే కిటికీలకు జాలీ బిగించి, తడిగుడ్డ చుట్టిన మంచునీళ్ల సీసా పక్కన పెట్టండి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే, గురువారానికి ముందు చేయవలసినదీ ఇదే.

నల్లపూస నిన్నంతా ఏమీ ముట్టలేదు, పెంటికలు కూడా వేయలేదు. కుందేలు పన్నెండు గంటలు తినకపోతే ప్రమాదమేనని డాక్టరుగారు చెప్పారు కనుక, మెత్తగా నూరిన మేతను సూది లేని సిరంజితో రెండు గంటలకొకసారి పెదవి పక్క నుంచి కొద్దికొద్దిగా పోస్తున్నాము. ఈ సాయంత్రం ఒక కొత్తిమీర కాడను తనంతట తానే కొరికింది. రాత్రి ఎనిమిదికి చిన్నవే అయినా నాలుగు పెంటికలు వేసింది. ఇంకా దూది పడుకునే వైపే ముఖం పెట్టి కూర్చుంటోంది.

ఆ దుకాణంలో ఆకుపచ్చ పంజరం కొన్నవారు రేపటిదాకా ఆగవద్దు. ఇప్పుడే టార్చిలైటు తీసుకొని వెళ్లి, కింది తలుపు కుడిమూల జాలీని వేలితో లాగి చూడండి. పిన్ను కదిలితే ఈ రాత్రికి కుందేళ్లను వంటగదిలోనైనా సరే పడుకోబెట్టండి.