రోజుకు రెండు అరఠావులు: నవల చిత్తుప్రతి రాసే అలవాటుపై సమీక్ష

రోజూ కొంత రాస్తూ నవల తొలి చిత్తుప్రతిని పూర్తిచేసే పద్ధతిని రెండేళ్లకు పైగా పాటించి, చిత్తు ముగించి, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుకున్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. మధ్యలో ఎప్పుడో రాసి ఉంటే ఇది ఉత్త మెచ్చుకోలుగా మిగిలేది. ఈ అలవాటు చేసే మేలు రాస్తున్నన్నాళ్లూ కనిపిస్తూనే ఉంటుంది గాని, అది తెచ్చిపెట్టే చిక్కులు రాసింది చదువుకునే దాకా బయటపడవు.

వాడినవారెవరో తెలిస్తేనే సమీక్షకు విలువ కనుక ఆ వివరం క్లుప్తంగా చెబుతాను. విశాఖపట్నంలో ఓడ సరుకుల క్లియరింగ్ పనులు చేసే ఒక ప్రైవేటు ఆఫీసులో నేను లెక్కలు చూస్తాను. ఇల్లు పెదవాల్తేరులో. నవల మా అమ్మ పుట్టింటి ఊరైన చిట్టివలస చుట్టూ తిరుగుతుంది. భీమిలి దగ్గర, గోస్తనీ నది పక్కన ఉన్న ఆ ఊరి జూట్ మిల్లు 2009లో లాకౌట్ అయింది. మిల్లు జీతం మీద మూడు తరాలు బతికిన ఒక ఇంట్లో ఆ తర్వాత ఏం జరిగిందన్నది కథ. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు ఉన్న మనిషికి నవల రాయడానికంటూ సెలవు దొరకదు. దొరికేదల్లా రోజులో ఒక ముక్క. ఈ పద్ధతిని ఎంచుకోవడానికి అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

రోజువారీ రాత అనగానే ఇప్పటి కుర్రకారుకు గుర్తొచ్చేది నవంబరు నెలలో 50,000 మాటల నవల రాసే పందెం. 1999 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన 21 మందితో మొదలుపెట్టిన ఆ వ్యవహారం మరుసటి ఏడాది నవంబరుకు మారి, దేశదేశాలకూ పాకి, చివరకు దాన్ని నడిపే సంస్థ 2025లో తాను మూతపడుతున్నట్టు ప్రకటించేదాకా వచ్చింది. 50,000ను 30 రోజులకు పంచితే రోజుకు 1,667 మాటలు. ఈ లెక్క మనకు రెండు విధాల కుదరదు. విభక్తులూ క్రియల తోకలూ మాటకే అతుక్కునే తెలుగులో అన్ని మాటలు రాయడమంటే ఇంగ్లీషువారికన్నా చాలా ఎక్కువ కథ రాయడమే. పైగా విడదీసి రాసేవారి లెక్క ఒకలా, కలిపి రాసేవారి లెక్క ఇంకొకలా తేలుతుంది. ఇక నవంబరు సంగతి. కార్తీక సోమవారాలు, వనభోజనాలు, పెళ్లి ముహూర్తాలు, వీటి మధ్య ఏ వాయుగుండం ఎటు తిరుగుతుందోనన్న బెంగ: ఇవన్నీ ఉన్న నెలలో గది తలుపేసుకుని రోజుకు మూడు గంటలు రాసుకుంటానంటే మన ఇళ్లలో సాగే పని కాదు.

అందుకని కొలతను మన పత్రికల పాత సంప్రదాయం నుంచి తీసుకున్నాను. కథ ఇన్ని అరఠావులకు మించరాదని, కాగితానికి ఒకవైపే రాయాలని ప్రకటనల్లో చదువుకుంటూ పెరిగిన తరం మాది. ఇప్పుడు అరఠావు అంటే ఎ4 కాగితమే అనుకోవచ్చు. రోజుకు రెండు కాగితాలు, ఒకవైపే. ఒంట్లో బాగోని రోజున, ఆఫీసులో ఆడిట్ నడిచే రోజుల్లో నాలుగు వాక్యాలు రాసినా ఆ రోజు పద్దు చెల్లినట్టే. ఈ రెండో నియమాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా వాడకంలో మొదటి నియమం కన్నా దీనివల్లే ఎక్కువ మేలు జరిగింది, ఎందుకంటే నాలుగు వాక్యాలకని కూర్చున్నవాడు చాలాసార్లు ఒక కాగితమైనా నింపే లేస్తాడు, రెండు కాగితాలూ నిండవన్న భయంతో అసలు కూర్చోనివాడి దగ్గర ఏమీ ఉండదు.

ఈ పద్ధతికి పాతకాలపు ఘనుడు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడినని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1883లో వచ్చింది. అందరూ ఎత్తిచెప్పేది ఈ పావుగంటల లెక్కనే. అదే పుస్తకంలో ఉన్న మరో సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు: ముందురోజు రాసిందాన్ని చదువుకోవడానికి ఆయన మొదటి అరగంట కేటాయించేవాడు. నేను దీన్ని కొంత పాటించి, కొంత వదిలేశాను. ముందురోజుది మొత్తం చదివితే దిద్దాలనిపిస్తుంది; దిద్దడం మొదలైతే ఆ పూటంతా దానికే సరి. అసలు చదవకపోతే గొంతు మారిపోతుంది. చివరి పేరా ఒక్కటే చదివి కలం పట్టడం నాకు సరిపడింది. రాయడం ఆపేటప్పుడు కూడా సన్నివేశం ముగిసేచోట ఆపకుండా, తర్వాత ఏం రావాలో తెలిసినచోట, వీలైతే వాక్యం మధ్యలోనే ఆపితే మర్నాడు మొదలుపెట్టడం తేలిక. ఈ చిట్కా చెప్పని రచయిత లేడు. అయినా పనిచేస్తుంది కనుక నేనూ చెబుతున్నాను.

ఇక అసలు లాభం. రోజూ రాయడం వల్ల కాగితాలు పోగవుతాయన్నది పైకి కనిపించే మేలు. అంతకు మించిన మేలు ఏమిటంటే, కథ మిగతా ఇరవై మూడు గంటలూ లోపల నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. నవలలో తాత మిల్లు మూతపడ్డాక కూడా పొద్దున్నే టిఫిన్ క్యారియరు కట్టించుకుని గేటు దాకా వెళ్లి వస్తుంటాడు. ఆ క్యారియరులోని అన్నం ఆయన ఎక్కడ తింటాడన్న ప్రశ్న నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో కంటైనర్ల డెమరేజి (ఆలస్యపు రుసుము) లెక్క సరిచూస్తుంటే, ఆయన తినడు, వంతెన దగ్గర కూర్చునే ఇంకొకడికి పెట్టి ఖాళీ గిన్నెలతో ఇంటికి వస్తాడని తోచింది. ఆ ఇంకొకడు ఎవరన్నదే నవల రెండో భాగమంతా. వారానికొకసారి రాసేవాడిగా ఉండగా నాకు ఇలాంటివి ఎప్పుడూ తోచలేదు. వారం గడిచేసరికి పాత్రల పేర్లే మళ్లీ గుర్తుచేసుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు తప్పితే అలవాటు చెడినట్టేనన్న భయం చాలామందికి ఉంది. 21 రోజుల్లో ఏదైనా అలవాటవుతుందన్న ప్రచారం కూడా ఆ భయానికి తోడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అసంకల్పితంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉందని, మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టం లేదని తేలింది. అందులో జనం ఎంచుకున్నవి పండు తినడం, నీళ్లు తాగడం, నడవడం వంటి పనులు. నవల రాయడం అంత తేలికపాటి పని కాదు కనుక ఈ లెక్కను యథాతథంగా తీసుకోవడం సరికాదు. అయినా ఒకరోజు తప్పడం వల్ల ఏమీ మునగదన్న మాట మాత్రం నా అనుభవంతో సరిపోయింది. వరుసగా మూడు నాలుగు రోజులు తప్పితేనే కథ చల్లబడుతుంది.

అలవాటును గడియారానికి కట్టాలా, మరో పనికి కట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. మా పెదనాన్నగారి అబ్బాయి ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. తెల్లవారుజామున అయిదింటికి రాయాలన్న నియమం పొద్దున్నే మొదలయ్యే ఎ షిఫ్టు వారంలో ఆయనకు సాగదు, రాత్రంతా నడిచే సి షిఫ్టు వారంలో అసలే సాగదు. ఏ షిఫ్టయినా స్నానం చేయక తప్పదు కనుక, స్నానం కాగానే ఒక కాగితం అని పెట్టుకున్నాక ఆయన రాత దారిలో పడింది. నాకు మాత్రం పొద్దుటి కాఫీకీ పిల్లలు లేచేదానికీ నడుమ ఉన్న కాలమే కుదిరింది. మా అమ్మ మొదట్లో "ఏట్రా, పొద్దున్నే ఆ లెక్కలేటి? ఆఫీసులో చాలదేటి?" అనేది. అది తన ఊరి కథేనని తెలిశాక కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయేది. అయితే రాసింది ఎవరికీ చూపించకూడదన్నది చిత్తు దశలో నా గట్టి నియమం, ఆవిడకు కూడా చూపించలేదు.

పనిముట్ల సంగతి. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇంట్లో వానాకాలమంతా కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది. ఇంకు పెన్నుతో రాస్తే అక్షరాలు పాకుతాయి, అట్టల మధ్య పెట్టే గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టి కాగితానికి మరకలు వదులుతాయి. బాల్‌పెన్ను, దారంతో కుట్టిన నోటుబుక్కు, ప్లాస్టిక్ ఫైలు ఇక్కడి వాతావరణానికి నయం. ఫోనులో గొంతుతో టైపు చేసే సదుపాయాన్ని కొన్ని నెలలు వాడి చూశాను. కథనం రాసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది, కామాలూ చుక్కలూ తర్వాత పెట్టుకోవచ్చు. సంభాషణల దగ్గర మాత్రం అది నాకు పనికిరాలేదు. నా పాత్రలు మా వైపు మాటే మాట్లాడతాయి. ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని, ‘నానెల్లను’ అంటే ‘నేను వెళ్లను’ అని పడుతుంటే మిల్లు కాలనీ మనుషులంతా వార్తలు చదువుతున్నట్టు తయారయ్యారు. ఉత్తరాంధ్ర యాసలో రాసేవారెవరైనా సంభాషణలను చేత్తోనే రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చేత్తో రాస్తే తర్వాత టైపింగు భారం ఉంటుంది, అది తక్కువ పని కాదు.

కాగితానికి వెనకవైపు ఖాళీగా ఉంచడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తెలియని సంగతి ఎదురైనప్పుడు దాని అవసరం తెలుస్తుంది. గోగునారను నూనె, నీళ్లు కలిపిన మిశ్రమంతో తడిపి మెత్తబరిచే బ్యాచింగ్ విభాగంలో ఒక షిఫ్టుకు ఎంతమంది ఉండేవారో నాకు తెలియదు. అది కనుక్కునే దాకా రాత ఆపితే మళ్లీ మొదలవదు. వెనకవైపు ‘అడగాలి’ అని రాసి ముందుకు సాగడమే ఈ పద్ధతి కోరేది. చిన్న వివరాలకు ఇది బాగా పనిచేస్తుంది. కథ మొత్తం ఏ వివరం మీద నిలబడి ఉందో, అది కూడా ‘అడగాలి’లోనే ఉండిపోతే కష్టం; లాకౌట్ తర్వాత కార్మికులకు రావలసిన బకాయిల వ్యవహారం అలాంటిది. దానికోసం చిట్టివలస వెళ్లి పాత కార్మికులతో కూర్చున్న రోజులను రాసిన రోజులుగా లెక్కపెట్టుకోలేదు. పెట్టుకుంటే భీమిలి బస్సెక్కడమే రాతకు బదులైపోతుంది.

ఇప్పుడు చిత్తు చదివితే తేలిన లోపాలు. మొట్టమొదట కంటికి కొట్టిన విషయం, నా పాత్రలు అస్తమానం నిద్ర లేస్తున్నాయి. నేను పొద్దున్నే కూర్చుని రాస్తాను కనుక ప్రతి పూటా కథలోనూ తెల్లవారుతుంది, ఎవరో ఒకరు కాఫీయో టీయో పెడతారు, తర్వాతే అసలు సంగతి మొదలవుతుంది. రోజుకొక అతుకు చొప్పున చిత్తు నిండా అతుకులే. తాతకు కుడిచేతి చూపుడువేలు మగ్గంలో పోయిందన్న సంగతిని మొదటి అధ్యాయంలో చెప్పి, ఆ తర్వాత కనీసం ప్రతి మూడో సన్నివేశంలోనూ కొత్తగా చెప్పినట్టు మళ్లీ చెప్పాను. ఏ రోజుకారోజు పాఠకుడికి పాత్రను మళ్లీ పరిచయం చేయాలన్న తొందర ఈ పద్ధతిలో సహజంగా వచ్చేస్తుంది. సన్నివేశాల నిడివి కూడా అనుమానాస్పదంగా ఒకేలా ఉంది, దాదాపు అన్నీ రెండు అరఠావులకు కాస్త అటూ ఇటూ. బతుకులో జరిగేవి అలా కొలిచినట్టు జరగవు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పెద్ద సన్నివేశాలతో వచ్చింది. గేటుకు లాకౌట్ నోటీసు అంటించిన రోజు ఈ నవలకు గుండెకాయ. దాన్ని ముక్కలుగా వారం పైన రాస్తే, జనం ఒక పేజీలో రగిలిపోతున్నారు, మరుసటి పేజీలో చల్లగా బీడీలు కాలుస్తున్నారు. అది వాళ్ల మనఃస్థితి కాదు, ఆ రోజుల్లో నాది. చివరకు రెండు రోజులు సెలవు పెట్టి ఆ అధ్యాయాన్ని ఒకే ఊపులో తిరగరాశాను. మందితో నిండిన సన్నివేశం, కోర్టు సన్నివేశం, చావు సన్నివేశం ఉన్న నవల రాసేవారు వాటికోసం ముందే కొన్ని పొడవైన పూటలు దాచిపెట్టుకోవాలి. రోజువారీ కోటా వాటికి చాలదు.

కథానికలు రాసేవారికి ఈ పద్ధతి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదనుకుంటాను; కథ ఒకటి రెండు పూటల్లో పూర్తయ్యే బిగువును కోరుతుంది. ఉద్యోగం చేస్తూ మొదటి నవల మొదలుపెట్టి, మూడో అధ్యాయం దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయినవారికి మాత్రం సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. అయితే చేతికి వచ్చేది నవల కాదని, నవలకు కావలసిన ముడిసరుకని ముందే తెలుసుకుని దిగాలి. రెండో ప్రతికి ఈ అలవాటు నాకు అక్కరకు రాలేదు: రోజుకింత అని దిద్దుతూ పోతే ఒకచోట తీసేసిన వేలు ఇంకోచోట అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు రోజువారీ పద్దు ఆపేసి, సెలవు రోజున ఒక పూటంతా కూర్చుని ఒక పాత్రకు సంబంధించిన కాగితాలన్నీ వేరు చేసి, వాటినొక్కటే వరుసగా చదివి దిద్దుతున్నాను. తాతవి పూర్తయ్యాయి, వంతెన దగ్గరి మనిషివి ప్రస్తుతం బల్ల మీద ఉన్నాయి.