30 అడుగుల మోటార్‌హోమ్: అమ్మానాన్నలతో తిరిగిన అనుభవంతో చెబుతున్నా

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చిన ప్రతిసారీ అమెరికాలో లాస్ వెగాస్‌లో మోటార్‌హోమ్, అంటే లోపల పడకలు, వంటిల్లు, బాత్రూమ్ ఉన్న బండి, అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్కుల వైపు వెళ్తున్నాం. ఎప్పుడూ ఒకటే రకం: ఫోర్డ్ ఈ-450 వ్యాన్ చాసిస్ మీద కట్టిన 30 అడుగుల 'క్లాస్ సి' రకం. డ్రైవర్ నెత్తిన ఒక పడక, వెనక చిన్న బెడ్‌రూమ్. పెద్దవాళ్లతో తిరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. దారిలో బాత్రూమ్ ఎక్కడుందోనన్న టెన్షన్ ఉండదు. నాన్నకి షుగర్, వేళకి అన్నం, పప్పు, పెరుగు అందుతాయి. మధ్యాహ్నం ఎండ వేళ ఇద్దరూ కాసేపు నడుం వాలుస్తారు.

ఖర్చు కలిసొస్తుందనుకుని మాత్రం తీసుకోకండి. మాకు గ్యాలన్‌కి 8, 9 మైళ్లకి మించి రాలేదు. అద్దె కాక మైళ్లకి వేరే, జనరేటర్ నడిపిన గంటలకి వేరే, దుప్పట్లకీ గిన్నెలకీ వేరే కట్టాం. రాత్రి బండి నిలిపి బస చేసే చోటు, అంటే సైటు, అద్దె ఎలాగూ ఉంటుంది. కారు తీసుకుని హోటల్లో రెండు గదులు చూసుకుంటే చాలాసార్లు తక్కువలోనే అయిపోతుంది.

నడపడానికి మామూలు లైసెన్స్ చాలు. హైవే మీద భయం ఒక పూటలో పోతుంది. గాలికి మాత్రం నేను ఇప్పటికీ జాగ్రత్త పడతాను. పెద్ద ట్రక్కు దాటేటప్పుడు ముందు బండిని పక్కకి నెట్టి, ఆ వెంటనే తనవైపు లాగుతుంది. ఐ-15 హైవే మీద పక్కగాలి గట్టిగా ఉన్న రోజు వేగం గంటకి 60 మైళ్లు దాటనివ్వను.

అసలు ప్రమాదం పెట్రోల్ బంకులో. వెనక చక్రాలు దాటాక కూడా బండి చాలా పొడుగు ఉంటుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పితే ఆ వెనక భాగం కుడికి జరుగుతుంది. పంపు పక్కనుంచి బయల్దేరుతూనే తిప్పారో, వెనక మూల పోయి పంపు కాపలాకి పాతిన ఇనప స్తంభాన్ని గీరేస్తుంది. నేరుగా ముందుకి పోనిచ్చి, ఆ స్తంభం పూర్తిగా వెనకపడిందని అద్దంలో చూసుకున్నాకే తిప్పాలి. రివర్స్ చేస్తే ఒకరు దిగి చూడాల్సిందే. మా ఇంట్లో ఆ పని నాన్నది. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి కాబట్టి ఆయన "రానీ, రానీ" అంటుంటే నాకు ధైర్యం.

ఎత్తు కూడా గుర్తుండాలి. మా బండి దాదాపు 12 అడుగులు. జయాన్ తూర్పు వైపు సొరంగం 1930లో, అప్పటి కార్ల కొలతలకి కట్టింది. 11 అడుగుల 4 అంగుళాలు మించిన బండి అందులో తన లేన్‌లో పట్టదు. పెద్ద బండ్లపై అక్కడ నిబంధనలు బిగించారు కాబట్టి బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్ చూసి దారి ఖాయం చేసుకోండి. ఇన్సూరెన్స్ కాగితాల్లో పైకప్పు దెబ్బల గురించి ఏం రాశారో కూడా చదవండి. చాలా పాలసీలు వాటికి వర్తించవు.

జయాన్‌లో మేము వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటున్న సైటే తీసుకుంటాం. అక్కడ జనరేటర్ వెయ్యనివ్వరు, ఎండాకాలం ఏసీ లేకుండా ఉండలేం. ఏడాదిలో ఎక్కువ రోజులు లోయలోకి షటిల్ బస్సులే వెళ్తాయి, బస్సు ఎక్కే చోటికి నడిచే వెళ్లొచ్చు. ఇక బండి కదపక్కర్లేదు.

బండికి తీసుకోగలిగే కరెంటు 30 ఆంప్స్, అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అందుకే వంటంతా గ్యాస్ మీదే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) దాదాపు 7000 అడుగుల ఎత్తు. అక్కడ కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపటికీ మెత్తబడదు, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి. పోపు పెట్టే ముందు పైన ఫ్యాను వేసి కిటికీలు తెరవాలి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది.

చాలామంది వెనకాడేది మురుగు ఖాళీ చెయ్యడానికి. చేతులకి గ్లవ్స్ ఉంటే పది నిమిషాల పని. గొట్టం గట్టిగా బిగించి ముందు టాయిలెట్ ట్యాంకు వాల్వు లాగాలి, అది పూర్తిగా పోయాక స్నానాల, గిన్నెల నీళ్ల ట్యాంకుది. ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. సైటులో హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) ఉంది కదా అని టాయిలెట్ వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లు మాత్రం పోయి మిగతాది అడుగున గడ్డకడుతుంది. ట్యాంకు నిండిందో లేదో చూపించే లైట్లని పెద్దగా నమ్మకండి.

బండి తీసుకునేటప్పుడు తొందర పెట్టినా ఒప్పుకోవద్దు. ఒక అద్దె కంపెనీ మాకు పాడైపోయిన హౌస్ బ్యాటరీతో (లోపలి లైట్లు, ఫ్యాన్లు నడిపే బ్యాటరీ) బండి ఇచ్చింది. సౌత్ రిమ్‌లో హుకప్ లేని సైటులో అర్ధరాత్రి హీటర్ ఫ్యాను ఆగిపోయింది. అమ్మ శాలువాలన్నీ కప్పుకుని తెల్లారేదాకా కూర్చుంది. ఫోన్ చేస్తే మర్నాడు చూస్తామన్నారు. అప్పటినుంచి వాళ్ల యార్డులోనే, కరెంటు ప్లగ్ పీకేసి హీటర్, పంపు, లైట్లు అన్నీ కలిపి అరగంట నడిపించి చూస్తాను. ఫ్రిజ్ గ్యాస్ మీద చల్లబడుతోందా అన్నదీ, టైర్లూ చూసుకుని వీడియో తీస్తాను.

రోజుకో ఊరు చూసెయ్యాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు. వాళ్లకి కారే మేలు. మేము ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉంటాం, రోజుకి 150 మైళ్లకి మించి పెట్టుకోం, చీకటి పడకముందే సైటుకి చేరతాం. పార్కుల లోపల హుకప్ ఉన్న సైట్లు నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి అమ్మానాన్నలకి టికెట్లు కొన్న వారంలోనే సైట్లు బుక్ చెయ్యండి, బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు.